గౌస్ భాయ్ డెమో క్లాసు

మా హనుమత్ప్రసాద్ గారు చమురు బావిని కంటితో చూసి ఎరుగరు. ఆయన చూసిన నూనెంతా అమీర్‌పేట సందులో మిర్చిబజ్జీల మూకుడులోదే. తన కోచింగ్ సెంటర్లో నిరుడు జావా చెప్పారు, ఈ ఏడు 'ఆయిల్ అండ్ గ్యాస్' బోర్డు తగిలించారు. నిపుణుడైపోవడానికి ఆయనకు ఒక్క ఆదివారం చాలింది. ఇంకా మొదలుకాని ఆ కోర్సుకు సర్టిఫికెట్లు ప్రింటు తీసే ఉద్యోగం నాది.

ఉచిత డెమోకి మాత్రం అసలైన మనిషి కావాలి, ఇక్కడి ఆచారం అది. ఎర్రగడ్డ నుంచి గౌస్ మొహియుద్దీన్‌ను పిలిపించారు. గల్ఫ్ ఎడారిలో పంతొమ్మిదేళ్ళు చమురు బావులకు ఆవిరి పట్టిన మనిషి. డెమో బాగుంటే కోర్సంతా తనకే ఇస్తారని నమ్మాడు. సర్టిఫికెట్ల మీద ఫ్యాకల్టీగా అతని పేరు నేను అప్పటికే ప్రింటు తీశాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆ ఉద్యోగం మీదే ఆశంతా పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు పాపం.

జేబులోంచి చిన్న సీసా తీశాడు. అందులో తారులాంటి ముడిచమురు. తలకిందులు చేసినా కదల్లేదు.

"భూమి లోపల గిట్లనే ఉంటది. ఆవిరి పంపాలె, బావి మూసెయ్యాలె, కొన్ని రోజులు సబర్ చెయ్యాలె. వేడి మంచిగ ఇంకినంక తెరిస్తే పారుతది," అన్నాడు. చాయ్ హోటల్ నుంచి తెప్పించిన వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రెండు నిమిషాలకే డెమోకి వచ్చిన పిల్లలు ఫోన్లు తీశారు. ఇద్దరు లేచి పక్క సెంటర్ డెమోకి పోయారు.

"ఏంటి గౌస్ గారూ ఇది? జనం వెళ్ళిపోతున్నారు!" అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

"ఇంకో పది నిమిషాలు సార్. తొందరపడితే రాదు."

"మా కోర్సే పదిహేను రోజులండీ. మీ సీసాకి పది నిమిషాలా?"

ఆయన సీసా లాక్కుని, మూత తీసి, అందరి ముందూ వంచారు. చుక్క రాలేదు. "చూశారా, ఇదంతా పాత పద్ధతి. మనం లేటెస్ట్ నేర్పిస్తాం," అని సీసాను మూత పెట్టకుండానే నా బల్ల మీద, సర్టిఫికెట్ల కట్టపై పడేశారు. గౌస్ భాయ్‌కి గుమ్మం చూపించారు. నాకు ఒళ్ళు మండింది.

కాసేపటికి సీసా మూతి దగ్గర నల్లటి చుక్క కనిపించింది. నేను సీసాను నిలబెట్టవచ్చు. నిలబెట్టలేదు.

సీసా కోసం గౌస్ భాయ్ వెనక్కి వచ్చేసరికి నలభై సర్టిఫికెట్లూ నల్లబడ్డాయి. "జర ఆగితే గిన్నెల పడేది సార్," అని, సీసా తుడుచుకుని మెట్లు దిగిపోయాడు.

హనుమత్ప్రసాద్ గారు తల పట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మళ్ళీ ప్రింటు తియ్యి. ఫ్యాకల్టీ దగ్గర గౌస్ గారి పేరు అలాగే ఉండనీ."

తీశాను.