బోర్డు లేవంది, కంప్యూటర్ రెండంది

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. పోయిన ఏడాది ఓపెన్ సోర్స్ గణిత సాఫ్ట్‌వేర్ ఒకటి లాప్‌టాప్‌లో వేసుకున్నాను. సమీకరణం ఇస్తే చాలు, జవాబు చెప్పేస్తుంది. దాని గొప్ప చూపిద్దామని ఒక ఆదివారం పిల్లల తల్లిదండ్రులనూ పిలిచాను.

బోర్డు మీద x² + 4 = 0 అని రాశాను. "దీనికి మూలాలు లేవు. x బదులు ఏ సంఖ్య పెట్టినా కుదరదు. చూడండి, కంప్యూటరూ ఇదే చెప్తాది" అని ఎంటర్ నొక్కాను.

తెర మీద రెండు మూలాలు వచ్చాయి: 2i, -2i.

కూతుర్ని వేరే ట్యూషన్‌లో వేయాలని అప్పటికే చూస్తున్న జయమ్మ లేచి నిలబడింది. "ఏం మేడమ్, మీరు లేవంటారు, అది రెండు ఉండాయంటాది. ఇంగ పిల్లోళ్ళు ఎవుర్ని నమ్మాల?"

ఆ i అంటే -1 వర్గమూలం, అది పదో తరగతి పాఠంలో ఉండదు. కిటికీ వైపు చూస్తే, మూతపడిన గని షాఫ్టు కనిపించింది.

"జయమ్మా, మన గని ఎందుకు మూసినారు? బంగారం లేకనా?"

"బంగారం లేకేమి, ఉండాది. అంత లోతుకు పోయి తీస్తే గిట్టదని మూసినారు."

"ఇదీ అట్లే. పదో క్లాసు దిగే లోతులో మూలాలు లేవు. పది అయినాక పీయూసీలో ఇంగా కిందికి దిగుతారు, ఆడ కనిపిస్తాయి."

జయమ్మ కూర్చుంది. ఆ రోజు నుంచి నేను ఉత్త "లేవు" అనడం మానేసి, "వాస్తవ మూలాలు లేవు" అని పూర్తిగా చెబుతున్నాను.

జయమ్మ కూతురు మాత్రం స్కూలు పరీక్షలో "ఈ లోతులో మూలాలు లేవు" అని రాసి మార్కు పోగొట్టుకుంది. అయినా ట్యూషన్ మారలేదు.