సబ్బులత్త నిజం దగ్గు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకు నోటితో పాటు ఫోన్లోంచి ఒక వీడియో కూడా జారింది. అది సరిగ్గా ఎవరి కంట పడకూడదో వాళ్ల కంటనే పడింది. దాని మూలంగా మా మేనత్త ఊపిరితిత్తుల్లో ఒకటి సగానికి పైగా పాడైపోయింది. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడానికి నాకూ వినడానికి మీకూ సులువు.

అత్తకు అసలు పేరొకటి ఉందిగానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినిపించదు. అందరికీ సబ్బులత్తే. ఇరవై ఏళ్ల పాటు భుజాన సంచీ వేసుకుని ఇంటింటికీ తిరిగి సబ్బులు అమ్మింది. ఏ గుమ్మం ముందు ఏ మొహం పెట్టాలో ఆమెకు తెలుసు. తలుపు తీసింది ముసలాయనైతే ఆమెకు మోకాళ్ల నొప్పులు వచ్చేవి. పసిబిడ్డ తల్లయితే అత్త బిడ్డకూ రాత్రంతా నిద్ర ఉండేది కాదు. నిజానికి అత్తకు బిడ్డలు లేరు. మొగుడు ఎప్పుడో చెప్పకుండా పోయాడు. "చెప్పినా ఆపేదాన్ని కాదులే" అంటుంది.

ఒకరోజు ఆమె తట్టిన తలుపు ఇంటిది కాదు, ఏదో వైద్య పరిశోధన చేసేవాళ్ల ఆఫీసుది. తీసింది అక్కడి మేడం. అలవాటు కొద్దీ అత్త మంచాన పడ్డ మొగుణ్ణి బయటికి తీసింది. ఎలా దగ్గుతాడో, సాయంత్రమయ్యేసరికి ఒళ్లెలా కాలిపోతుందో, ఎముకలెలా లెక్కపెట్టొచ్చో చెప్పింది. మేడం కళ్లు తుడుచుకుని, వెంటనే డాక్టర్ని పంపిస్తాను, అడ్రసు చెప్పమంది. అత్తకు తప్పించుకునే దారి లేకపోయింది.

"మొగుడు లేడమ్మా. సబ్బు మాత్రం నిజం" అంది.

మేడం సబ్బు కొనలేదు. ఉద్యోగం ఇచ్చింది.

ఉద్యోగమేంటంటే దొంగ పేషెంటు. ఊళ్లో టీబీ ముదిరిపోయేదాకా ఎందుకు బయటపడటం లేదో వాళ్లు కనుక్కుంటున్నారు. డాక్టర్లందరికీ ముందే చెప్పి సంతకాలు తీసుకున్నారు, ఎప్పుడో ఒకప్పుడు మా మనిషి రోగిలా వస్తుంది, ఎవరో చెప్పం అని. అత్త వెళ్లి, "డాక్టరుగారూ, దగ్గు తగ్గట్లేదు, జ్వరం వచ్చిపోతోంది" అని ఊరుకోవాలి. అడిగితేనే మిగతాది చెప్పాలి. ఎన్నాళ్ల నుంచి? తెమడ పడుతోందా? జ్వరం సాయంత్రాలు ఎక్కువవుతోందా? ఆకలి ఎలా ఉంది? బరువు తగ్గావా? ఇన్నీ అడిగి తెమడ పరీక్షకు పంపితే మంచి డాక్టరు. బయటికి రాగానే ఎవరేం అడిగారో అత్త ఆఫీసులో అప్పజెప్పాలి.

అడిగేవాళ్లు తక్కువ. అత్త సంచీలో సబ్బుల బదులు దగ్గు సిరప్పులు నిండాయి. ఇంటికొచ్చి ఒక్కో డాక్టర్ని అచ్చుగుద్దినట్టు దించేసేది. వాళ్లందరిలో మా వీధి చివర గడియారం డాక్టరంటే మాకు ప్రాణం. రోగి మొహం కన్నా మణికట్టే ఎక్కువ చూస్తాడని ఆయనకా పేరు. అత్త కుర్చీలో కూర్చునే లోపే ఎర్ర సిరప్పు రాసేశాడట. ఆయనలా గడియారం చూస్తూ, గాల్లో సంతకం పెడుతూ, "తర్వాత" అని అత్త అరుస్తుంటే మా నాన్న మంచం మీంచి కిందపడి నవ్వాడు. నేను వీడియో తీశాను.

"ఎవరికీ చూపించకురా, నా పొట్ట కొడతావు" అంది అత్త.

"నాకంత తెలీదా అత్తా" అన్నాను.

తెలీదు. నాది ఫోన్లు బాగుచేసే కొట్టు. ఆ పని ఎవరూ నేర్పలేదు, పాడుచేస్తూ నేర్చుకున్నాను. ఒకరోజు గడియారం డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు పగిలిన ఫోను పట్టుకొచ్చాడు. అద్దం మారుస్తున్నంత సేపూ వాళ్ల డాక్టరు ఎంత గొప్పవాడో చెప్పాడు. నా నాలుక దురద పెట్టింది. మీ సారు దగ్గరికొచ్చిన దొంగ పేషెంటు మా అత్తేనని చెప్పేశాను. వీడియో చూపించాను. కాంపౌండరు కడుపు పట్టుకుని నవ్వాడు. "అచ్చం మా సారే. నాకూ పంపవా, ఇంట్లో చూపిస్తా" అన్నాడు. పంపాను.

కొన్ని నెలల తర్వాత అత్తకు నిజంగానే దగ్గు పట్టుకుంది. గాలాడని గదుల్లో, దగ్గేవాళ్ల మధ్య రోజుల తరబడి కూర్చున్నందుకో ఏమో, ఎవరూ చెప్పలేరు. మేం మాత్రం, "ఏంటత్తా, ఇంట్లో కూడా రిహార్సలా?" అని వెక్కిరించాం. ఆమె కూడా మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వితే ఆయాసం వస్తోందని మానేసింది.

మెట్లెక్కలేని స్థితికొచ్చాక నేనే స్కూటరు మీద కూర్చోబెట్టుకుని గడియారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దగ్గర్లో ఉన్నది ఆయనే.

అత్తను చూడగానే డాక్టరు లేచి నిలబడ్డాడు. గడియారం విప్పి సొరుగులో పెట్టాడు. కూర్చోమని కుర్చీ తనే జరిపాడు. ఎన్నాళ్ల నుంచమ్మా అన్నాడు. తెమడ గురించి, సాయంత్రం జ్వరం గురించి, ఆకలి గురించి, బరువు గురించి, ఒక్కటి వదలకుండా వరసగా అడిగాడు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి తీసుకోమన్నాడు. తెమడ పరీక్షకు రాసి, కాంపౌండరు చేత డబ్బీ ఇప్పించాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

స్కూటరెక్కుతూ అత్త నా భుజం నొక్కింది. "చూశావా? మారాడురా. మా తిరుగుడు వృథా పోలేదు." నాలుగు మాటలకు నాలుగు సార్లు దగ్గింది. అయినా ఆమె మొహం అంత వెలిగిపోవడం ఆ మధ్య నేను చూడలేదు.

మర్నాడు తెమడ డబ్బీ ఇచ్చొచ్చాను. రిపోర్టు వస్తే ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. కొట్టు ముందు నుంచి వెళ్తున్న కాంపౌండర్ని ఆపి అడిగాను.

"అంతా బాగుంది, ఏం లేదు" అని కన్నుకొట్టాడు.

ఆ కన్నుకొట్టడం స్నేహం కొద్దీ అనుకున్నాను. అత్త కూడా నమ్మింది. "అంత శ్రద్ధగా చూసినాయన చెప్తే ఇంకేంటి?" అని సిరప్పు తాగుతూ కూర్చుంది. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఒప్పుకోలేదు. ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే సింకులో రక్తం పడింది.

పెద్దాసుపత్రిలో ఎక్సరే చూసిన డాక్టరమ్మ మా మీద ఎగిరింది. "ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు? పరీక్ష చేయించలేదా?"

"చేయించాం. ఏం లేదన్నారు."

"అయితే ఆ కాగితం తెండి."

కాగితం కోసం కాంపౌండరు దగ్గరికి పరుగెత్తాను. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కాగితమేంటి? ఆ డబ్బీ ఎప్పుడో పారేశాం. ల్యాబుకు ఎందుకు, ఆవిడ నాటకాల మనిషి కదా అన్నారు సారు. నీ వీడియో చూపించానులే. ఆవిడ మళ్లీ వస్తే గుర్తుపట్టాలని సారు ఫోన్లో దాచుకున్నారు." పైగా, "ఇంతకీ మా సారుకు ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగాడు.

పరిశోధన ఆఫీసుకు వెళ్లాను. మేడం మంచిదే, కాఫీ ఇచ్చింది, బాధపడింది. "కానీ ఆవిడ ఆ రోజు మా తరఫున వెళ్లలేదు కదా బాబూ. అది మా లెక్కలోకి రాదు" అంది. ఇంకోటి కూడా చెప్పింది, ఇబ్బందిగా. దొంగ పేషెంటుగా పనిచేయాలంటే ఆరోగ్యం బాగుండాలట.

ఆ మాట అత్తకు చెప్తే అర్థమైందన్నట్టు తలూపింది. తర్వాత దిండుకు ఆనుకుని అంది.

"ఆ డాక్టరుకు తెలీదనుకున్నాన్రా ఇన్నాళ్లూ. పాపం, ఏం అడగాలో తెలీక అడగట్లేదనుకున్నా. అన్నీ తెలుసు. ఒక్కటి మర్చిపోకుండా అడిగాడు. నిజంగా రోగంతో వచ్చినవాళ్లనే అడగడు."

మందులు మొదలుపెట్టి చాలా వారాలైంది. దగ్గు ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది. మా అందరికీ పరీక్షలు చేశారు, ఎవరికీ రాలేదు. కానీ పోయిన ఊపిరితిత్తి తిరిగిరాదు. అత్త గుమ్మం దాటి సందు చివరికి వెళ్లాలంటే మధ్యలో గోడ పట్టుకుని నిలబడాలి. సబ్బుల సంచీ మేకుకు వేలాడుతోంది. గొంతు సన్నబడింది, ఎవర్నీ దించడానికి గాలి చాలడం లేదు.

నిన్న సాయంత్రం ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మాత్రలతో తినమని పెట్టిన బిస్కెట్ల పొట్లం మా ఇద్దరి మధ్యా ఉంది. ఇక దాచలేక చెప్పేశాను.

"అత్తా, ఆ వీడియో కాంపౌండరుకు పంపింది నేనే."

"తెలుసు. తీసింది నువ్వొక్కడివే కదరా."

"అప్పట్నుంచి గుండెల మీద బండ పెట్టినట్టుంది అత్తా. ఒట్టు."

అత్త మాత్ర మింగి, గ్లాసు కింద పెట్టి, నాకేసి తిరిగింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు ఆసుపత్రిలో చేరినప్పట్నుంచి."

"సాయంత్రాలు ఎక్కువవుతోందా?"

"అవుతోంది."

"బరువు తగ్గావా?"

నేను పొట్ట లోపలికి లాక్కున్నాను.

"ఆకలి?"

జవాబు చెప్దామంటే నోట్లో ఆమె బిస్కెట్టు అడ్డమొచ్చింది.

"దొంగ నొప్పి" అంది అత్త. పొట్లం తన వైపు లాక్కుంది. "గడియారం డాక్టరు దగ్గరికి వెళ్లరా. ఇలాంటి వాటికి ఆయన హస్తవాసి మంచిది."