దానమ్మత్త గుమ్మం

మా మేనత్త దానమ్మ గుణదలలో ఇల్లు కట్టుకుంటూ అన్నీ కొంది గానీ, వీధి గుమ్మానికి మాత్రం కలప కొననంది. కొండపల్లి కొండవాలులో ఆమెకు చిన్న తోట ఉంది. మామయ్య బతికుండగా టేకు, వేప, మద్ది కలిపి వేశాడు. ఆయన పోయాక అత్త ఒక్క చెట్టునూ కొట్టనివ్వలేదు. దాంతో సాయంత్రం సిటీ బస్సులో జనంలా చెట్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ, లావెక్కే చోటు లేక, సన్నగా పొడుగ్గా సాగిపోయాయి.

"కొన్నిటిని తీసేస్తేనే మిగిలినవి కలపవుతాయండీ. లేకపోతే అన్నీ వాసాలకే పనికొస్తాయి," అన్నాడు చెట్లు కొట్టే మేస్త్రీ శౌరయ్య.

అత్త చాలా ఆలోచించి ఒప్పుకుంది. గుమ్మం కోసం ఒక టేకు చెట్టును అప్పటికే మనసులో పెట్టుకుంది. అది లావెక్కేదాకా ఎన్నేళ్లయినా రేకు తలుపుతో ఉంటానంది.

తోటలో గుర్తులు వేసే పని నా నెత్తిన పడింది. "మా బ్లెస్సీ టింబర్ డిపోలోనే గదా ఉండేది. దానికి కలప తెలుసు," అంది అత్త. తొమ్మిదో తరగతితో చదువు ఆగాక నేను నేర్చిన విద్య దుంగల మీద ఎర్రరంగు పూయడం ఒక్కటే. డిపోలో మంచి దుంగకే గుర్తు వేస్తాం. తోటలోనూ అంతేననుకున్నాను. ఎవరినైనా అడగొచ్చు. కానీ అడగాలంటే నోరు తెరవాలి. అంతకన్నా తోటంతా తిరగడమే తేలికనిపించింది. ముడులు లేకుండా నిటారుగా ఉన్న చెట్లను ఏరి ఏరి రంగు పూశాను. అత్త మనసుపడ్డ చెట్టుకైతే ముచ్చటపడి చుట్టూ రంగు పట్టీ వేశాను.

మర్నాడు మేం వెళ్లేసరికి శౌరయ్య రంపం మిషన్ మోగుతోంది. అన్నిటికన్నా పెద్ద గుర్తున్న చెట్టుతోనే మొదలుపెట్టాడు. నాకప్పుడు అర్థమైంది. "ఆపండి," అన్నాను, మా ఇంటి పిల్లికి కూడా వినపడని గొంతుతో. రెండోసారి నిజంగానే అరిచాను. రంపం ఆగింది. మిగతా చెట్లు బతికాయి. అత్త చెట్టు మాత్రం ఒరిగిపోయింది.

"గుర్తున్నదాన్నే కొట్టానమ్మాయ్," అన్నాడు శౌరయ్య.

"డిపోలో మంచిదానికే వేస్తామండీ."

"తోటలో పోవాల్సినదానికి వేస్తారు తల్లీ. మీ అత్త మీద కోపమేమన్నా ఉందా?"

అత్త మొద్దు పక్కన కూర్చుని కోతను తడిమింది. చుట్టూ తెల్ల చెక్కే, గుమ్మానికి పనికొచ్చే చేవ నడిమధ్య గుప్పెడు. చివరికి నా వైపు తిరిగి, "అయితే నీకు గొంతుందన్నమాట," అంది.

ఆ చేవలో గుమ్మానికి రెండు నిలువు చెక్కలే వచ్చాయి. పైనా, గడపకూ తోటలో తీసేసిన వేపే దిక్కయింది. ఒకే గుమ్మానికి రెండు జాతులు కలపకూడదని వడ్రంగి గొణిగాడు.

"తోటనే కలిపి వేశాం. గుమ్మం ఇంకెట్టా ఉంటది?" అంది అత్త.

సన్నటి టేకు నిలువుల మీద లావుపాటి వేప చెక్క, చిన్నపిల్ల నెత్తిన పెద్ద గంప పెట్టినట్టుంటుంది. గృహప్రవేశానికి వచ్చిన ఫాదర్‌గారు ప్రార్థన చేసి, దాన్ని ఇంకోసారి తేరిపార చూశారు. ఇంటికొచ్చినవాళ్లు కూడా చూస్తారు, అడుగుతారు.

"మా మేనకోడలు ఏరిన చెట్టు," అంటుంది అత్త. "తోట మొత్తానికి మంచిది ఇదే."

అందులో అబద్ధమేమీ లేదు. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లిపోతాను.