లక్ష్మణ్ గిటార్, బిక్షం గొంతు

నా పేరు కళ్యాణి. తొండుపల్లిలో సర్వీసు రోడ్డు పక్కన జాకెట్లు కుట్టే దుకాణం నాది. దయ్యాలంటే నవ్వే మనిషిని. ఒంటరిగా దుకాణం నడిపే ఆడదానికి బతికున్నవాళ్లతోనే సరిపోతుంది, ఇక చచ్చినవాళ్లకు భయపడే ఓపిక ఎక్కడిది! అలాంటి నాకు కిందటేడు పెత్రమాసకు, అదే పితృ అమావాస్యకు, వారం ముందు, పట్టపగలు, పక్క గోడలోంచి లక్ష్మణ్ గొంతు వినబడింది.

"అన్నా... అన్నా..."

లక్ష్మణ్ పోయి అప్పటికి పదకొండు నెలలు. నా కాలి కింద మిషన్ ఆగిపోయింది. ఎవరిదో పట్టు జాకెట్ చంక దగ్గర వంకరగా కుట్టుకుపోయింది, అది తర్వాత చూసుకున్నాను.

ఆ గోడ అవతల లక్ష్మణ్ అన్న బిక్షం దుకాణం. కాలిపోయిన మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టడం అతని పని. ఒకప్పుడు చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ అతని ముందుకే వచ్చేవి. పొలాలు ప్లాట్లయ్యాక అపార్ట్‌మెంట్ల మోటార్లు వస్తున్నాయి. యాభై ఎనిమిదేళ్లొచ్చినా చేతిపనిలో వంక పెట్టలేం. నోరు మాత్రం, అబ్బో! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన బిక్షానికి ఊరే ఉండకూడదు. "ఏంది పరేషాన్ జేస్తున్నవ్" అని ఒకసారి కసిరితేగానీ ఎవరి పనీ అందుకోడు.

తమ్ముడు అతనికంటే పదిహేనేళ్లు చిన్న. తల్లి పోతే బిక్షమే పెంచాడు. లక్ష్మణ్ శంషాబాద్ ఫంక్షన్ హాళ్లలో ఆర్కెస్ట్రాతో కరెంటు గిటార్ వాయించేవాడు. మంచివాడు, మంచి చెయ్యి, కానీ ఆ పాత గిటార్ మీటితే రేకు మీద మేకుతో గీకినట్టుండేది. లోపం తీగలది కాదు, వాటి కింద బిగించిన రెండు పికప్‌లది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన చిన్న డబ్బా. తీగ చుట్టడం అన్న పనే కదా అని లక్ష్మణ్ ఆశ. మూడుసార్లు తెచ్చాడు. మూడోసారి నేను అక్కడే ఉన్నాను.

"అన్నా, జర సూడు. పెండ్లోళ్లు చెవులు మూసుకుంటున్నరు."

"మోటర్లు కుప్పవడి ఉంటే నీ ఆటబొమ్మ సూడాల్నా? బంద్ జెయ్ దాన్ని!"

"సరే, ఈడ పెట్టిపోత. నీకు తీరిక దొరికినప్పుడు సూడు."

గిటార్ బల్ల మీద పెట్టి, వేరేవాళ్లది అడిగి తీసుకుని ఫంక్షన్‌కు పోయాడు. తిరిగొస్తుంటే లారీ గుద్దింది. దవాఖాన దాకా కూడా పోలేదు పాపం.

గిటార్ ఆ బల్ల మీదే ఉండిపోయింది. పక్కనున్న ఎయిర్‌పోర్టుకు విమానం కిందికి దిగినప్పుడల్లా దుకాణం రేకులతో పాటు దాని తీగలూ అదిరేవి. ఎవరూ ముట్టకుండానే సన్నగా మోగేవి. బిక్షం ఉలిక్కిపడి అటు చూసేవాడు. చివరికి దాని మీద ఒక దుప్పటి కప్పాడు. దుప్పటి కిందా మోగింది.

పెత్రమాసకు మా దగ్గర పెద్దలకు బియ్యం ఇస్తారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఫొటో ముందు పెడతారు. మాంసమో, కల్లో, ఎవరికి ఏది ఇష్టమైతే అది. లక్ష్మణ్ భార్య శ్రీలత నా ముందే బిక్షాన్ని అడిగింది.

"బావా, ఆయనకు ఇష్టమైంది ఆ గిటార్ ఒక్కటే. ఆ దినం ఆయన ఆర్కెస్ట్రా దోస్తు మధు వచ్చి వాయిస్తడట. గట్లనే అరుస్తుంటే మాత్రం తేకు. దాని గురించి బతికినన్ని దినాలు తిట్లు తిన్నడు, పోయినంక గూడ వద్దు."

ఎప్పుడూ ఎదురు మాట్లాడే మనిషి ఆ రోజు గిటార్ మీది దుప్పటి తీశాడు.

మర్నాడే పని మొదలుపెట్టాడు. మోటార్ కాయిల్‌ను చివరికి ఏం చేస్తారు? వార్నిష్‌లో ముంచి, లోపల బల్బులు వెలిగే పెట్టెలో ఆరబెడతారు. ముప్పై ఏళ్ల అలవాటు! ఒక పికప్ ఊడదీసి అలాగే చేశాడు. మోటార్ ఇనుముది, ఇది ప్లాస్టిక్‌ది. వేడికి వంకర తిరిగి, లోపలి తీగ ఎక్కడికక్కడ తెగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మధుకు ఫోన్ చేశాడు.

ఇక మిగిలింది ఒక్క పికప్. దానిలోంచే నాకు లక్ష్మణ్ వినిపించింది.

ఆ మధ్యాహ్నం సగం దించిన షట్టర్ కింద నుంచి దూరి లోపలికి వెళ్లాను. బిక్షం గిటార్ ఒళ్లో పెట్టుకుని, తీగలకు మూతి ఆనించి కూర్చున్నాడు. "అన్నా" అన్నాడు. గిటార్‌కు వైరుతో కలిపిన స్పీకర్ డబ్బాలోంచి లక్ష్మణ్ "అన్నా" అన్నాడు.

అన్నదమ్ములది ఒకటే గొంతు. ఫోన్‌లో శ్రీలతే పొరబడేది. బిక్షం గొంతు వయసుతో బరువెక్కింది, అంతే. ఆ పికప్ బరువంతా తీసేసి, సన్నగా, కీచుగా, అచ్చం తమ్ముడిలా పలికిస్తోంది.

"బిక్షమన్నా! పిచ్చి లేసిందా నీకు?" అని అరిచాను. నా అరుపు కూడా డబ్బాలోంచి తిరిగొచ్చింది. ఛీ! నాకే భయమేసింది.

అప్పుడే మధు వచ్చాడు. ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాడు, గిటార్ కూడా వచ్చు, ఇవన్నీ తెలిసినవాడు. చూసి ఒక్క నిమిషంలో తేల్చాడు. "చుట్లు వదులైనయన్నా. అందుకే మాటలు గూడ పడుతున్నయ్, కీచుమంటున్నది. కరిగిన మైనంల ముంచితే చుట్లు కదలవు. అరుపు పోతది. మాటలు గూడ ఇగ పట్టదు."

బిక్షం గిటార్‌ను పొట్టకు అదుముకున్నాడు. "వద్దు. గట్లనే ఉండనీ."

మధు వెళ్లాక నేను ఊరుకోలేదు. "ఆడ శ్రీలత ఎదురు చూస్తున్నది. నువ్వు మాట్లాడుతున్నది నీతోనే, తెలుసా?"

"తెలుసు చెల్లె. కానీ 'అన్నా' అని పిలిచేటోడు నాకు ఇంకెవడున్నడు?"

నాకు కోపమొస్తే ఏడుపొస్తుంది. వచ్చేసింది. ఆ వారమంతా మధ్యాహ్నం కాగానే గోడ అవతల ఆ పిలుపు. మిషన్ ఎంత వేగంగా తొక్కినా వినబడేది. దయ్యాలు లేవని ఎవరితోనైనా పందెం కాసే ధైర్యం నాకిప్పుడు లేదు.

పెత్రమాస ముందు రోజు పొద్దున బిక్షం నా గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెల్లె, దారానికి రాసే మైనం ఉన్నదా?"

ఉన్నదంతా ఇచ్చాను. నీళ్ల గిన్నె స్టవ్ మీద పెట్టి, అందులో డబ్బా ఉంచి మైనం కరిగించాడు. ఈసారి మంట బాగా తగ్గించాడు. పికప్‌ను దారానికి కట్టి పట్టుకున్నాడు.

"ఆఖరిసారి మాట్లాడవా?" అని అడిగాను.

"ఇన్ని దినాలు వాడు ఏమనాల్నో నేనే జెప్పిన. వాడు నిజంగ అడిగింది ఒక్కటే. అది జెయ్యలే."

ముంచాడు. చుట్ల మధ్య గాలి చిన్న చిన్న బుడగలుగా పైకొచ్చింది. ఆఖరి బుడగ పగిలేదాకా అతను రెప్ప వేయలేదు. ఆరాక బిగించి, పికప్ పక్క స్క్రూలు తిప్పి తీగలకు కాస్త దూరంగా దించాడు. అలా దించితే ఇంకా మెత్తగా పలుకుతుందని మధు చెప్పాడట.

మర్నాడు శ్రీలత ఇంట్లో ఫొటో ముందు మధు వాయించాడు. అబ్బ, ఎంత కమ్మగా పలికిందో! కీచు లేదు, గీకుడు లేదు. శ్రీలత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "గిట్ల వాయించాలనే కొట్టుకున్నడు బావా" అంది.

అందరూ భోజనాలకు లేచారు. నీళ్ల చెంబు కోసం లోపలికొచ్చి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. స్పీకర్ డబ్బా ఎర్ర లైటు ఇంకా వెలుగుతోంది. బిక్షం గిటార్ మీదికి వంగి "అన్నా" అన్నాడు.

డబ్బా పలకలేదు.

తీగలకు ఇంకా దగ్గరగా వంగాడు.

"తీరిక దొరికిందిరా" అన్నాడు. దానికీ పలకలేదు.