సంచిలో మడ్గార్డు

1991వ సంవత్సరం ఆగస్టు నెల ఇరవై నాలుగో తేదీ, శనివారం, పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకి, తెనాలిలో ఒక మెకానిక్ షెడ్డు ముందు నిలబడి నా మోటారు సైకిలు వెనక భాగం వైపు చూశాను. వెనక భాగం లేదు. టైము ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, ఎనిమిదింటికల్లా నేను బాపట్లలో ఉండాలి, పదింటికి రేపల్లె గుడిలో నా ప్రధానం, అందుకని నిమిషానికోసారి చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాను. (ప్రధానమంటే మా క్రైస్తవుల ఇళ్లల్లో పెళ్లికి ముందు జరిగే నిశ్చయం. ఆ రోజు చెడితే పెళ్లి చెడినట్టే.) ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

ఆ రోజుల్లో మోటారు సైకిలుకి వెనక మడ్గార్డు ఉండేది. ఇప్పటి బండ్లకుండే వేలెడంత ప్లాస్టిక్కు ముక్క కాదు. సీటు కింద మొదలై చక్రం సగం దాకా వంగి దిగే మందపాటి ఇనప రేకు. వానొచ్చినా వరదొచ్చినా వెనక కూర్చున్న మనిషి వీపుకి చుక్క బురద అంటేది కాదు. దాని మీద కొందరు దేవుడి పేరు రాయించుకునేవాళ్లు, కొందరు పిల్లల పేర్లు. నేను మా అమ్మ పేరు రాసుకున్నాను. పెయింటరు చేత రాయించుకోలేదు, తెల్లరంగు డబ్బా కొనుక్కుని నా చేత్తో నేనే రాశాను. కింద ‘కొడుకు బండి’ అని కూడా. పాతికేళ్లొచ్చేదాకా నాకు అక్షరం రాదు. తెనాలిలో బస్తాలు మోసేవాణ్ణి. అప్పుడక్కడ గుడిలో ఉన్న అయ్యగారు (మా పాస్టరుగారిని మేమంతా అలాగే అంటాం) సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి, గాడిదలా పెరిగిన నా చేత పలక మీద అక్షరాలు దిద్దించారు. ఆ చదువుతోనే రైసు మిల్లులో మూటలు దింపి కాటా దగ్గరికి మారాను. ఆ కాటా పనితోనే సెకండు హ్యాండులో బండి కొన్నాను. అమ్మకి చదువు రాదు. మడ్గార్డు మీద ఉన్నది బండి నంబరనుకునేది. అది నీ పేరమ్మా అని చెప్పడానికి నాకు సిగ్గు. ముప్పై ఏళ్ల మొగాడికి అదేం సిగ్గో నాకిప్పటికీ తెలీదు.

పిల్ల తండ్రి రేపల్లెలో మాస్టారు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, భుజాన మడత నలగని ఉత్తరీయం. బడికి మురికి చొక్కాతో వచ్చిన పిల్లాణ్ణి ఇంటికి పంపేసే మనిషి. మా సంబంధం మాట వెళ్లినప్పుడు ఆయన అన్న మొదటి ముక్క, “మూటలు మోసిన వీపు. మా అమ్మాయి అక్కడ ఇమడగలదా?” అని. నా ముందే అన్నాడు. అప్పటికి బాపట్లకి మారిపోయిన అయ్యగారే వెళ్లి, “వాడు నా దగ్గర చదువుకున్నవాడండి, నాది పూచీ” అని చెబితే మెత్తబడ్డాడు. అందుకే ప్రధానం ఆయన చేతుల మీదుగానే జరగాలని నేను పట్టుబట్టాను. బాపట్ల వెళ్లి నేనే ఎక్కించుకొస్తానని కూడా గొప్పగా చెప్పాను.

పిల్లకో తమ్ముడున్నాడు. తెనాలిలో చదివేవాడు. చదివాడనడం కంటే తిరిగాడనడం నిజం. పేరెందుకుగానీ అందరూ స్టైలు అనేవాళ్లు. ముందురోజు సాయంత్రం నా గదికొచ్చి, “బావా, బండి తాళాలివ్వు. సర్వీసు చేయించి, కడిగించి పెడతా. రేపది పెళ్లికొడుకు బండి కదా” అన్నాడు. ఇంకా ప్రధానం కాకుండానే బావా అన్నాడు. ఆ ఒక్క పిలుపుకి పొంగిపోయి తాళాలిచ్చేశాను. (కోపం అతని మీద సగమే. మిగతా సగం ఆ పొంగిపోయిన వెధవ మీద.)

పొద్దున వెళ్లి చూస్తే అదీ సంగతి. సీటు కింద నుంచి మడ్గార్డు రంపంతో కోసేశారు. అక్కడొక చిన్న క్లాంపు, దానికి రూపాయి బిళ్లంత ఎర్రలైటు, ఆకాశానికేసి చూస్తున్న నంబరు ప్లేటు. కింద చక్రం బట్టల్లేకుండా నిలబడి ఉంది.

“ఏంటిది?” అన్నాను.

“టెయిల్ కటింగు బావా! మద్రాసులో కుర్రాళ్లంతా ఇదే. వెనక నుంచి చూడు, చిరుతపులిలా లేదూ?”

“చిరుతపులికి తోకుంటుంది కదరా!”

మెకానిక్కు కళ్లకి సోడాబుడ్డి అద్దాలు. ఊరంతా ఆయన్ని సోడాబుడ్డి మేస్త్రీ అనేవాళ్లు. “బాబు నాలుగు వేళ్లు కొయ్యమన్నాడండి. గీత సరిగ్గా కనపళ్లేదు, ఒక జానెడు ఎక్కువ పోయింది” అని కాస్త కూడా బాధ లేకుండా చెప్పాడు. ఆయన ముందు నా మడ్గార్డు ముక్క బోర్లా పడి ఉంది. దాని గుంటలో కిరసనాయిలు పోసి నట్లూ బోల్టులూ కడుగుతున్నాడు. అడుగున, సిమెంటు గచ్చుకి ఆనుకుని, మా అమ్మ పేరు. ఆ రోజు మరే రోజయినా అయితే స్టైలు చెంపలూ మేస్త్రీ అద్దాలూ రెండూ పగిలేవి. కానీ నాలుగు గంటల్లో ప్రధానం పెట్టుకుని పిల్ల తమ్ముణ్ణి ఎవడు కొడతాడు?

“ఇప్పుడే వెల్డింగు పెట్టి అతికించు” అన్నాను పళ్లు కొరుకుతూ.

“కరెంటు లేదండి. పదింటికొస్తుంది.”

నట్లూ బోల్టులూ కింద పారబోసి, ముక్క తుడిచి, గోనెసంచిలో వేసుకున్నాను. స్టైలు మాత్రం, “రేపల్లెలో అందరూ ఎక్కడ చేయించావని అడుగుతారు చూడు” అంటూ బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వరకూ రోడ్డు పొడిగా ఉంది. అందుకే నాకు బుర్ర వెలగలేదు. దారంతా అతన్ని పెళ్లయ్యాక ఏమేం అనాలో వరసగా అనుకుంటూ వెళ్లాను. అలా అనుకుంటూ ముప్పావుగంట ఆలస్యంగా చేరాను. అయ్యగారు గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్నారు. “అక్కడికెళ్లి అంగీ తొడుక్కునే టైము ఎక్కడిదిరా? ఇక్కడే తొడుక్కుని వస్తా” అని, పాదాల దాకా ఉండే తెల్లటి ఆరాధన అంగీ తొడిగి, కుచ్చెళ్లు మోకాళ్ల మీదికి దోపుకుని వెనక ఎక్కారు. భారీ మనిషి. సంచి ఆయన ఒళ్లో పెట్టాను.

ఊరు దాటగానే అడిగారు. “ఒరే, ఈ సంచిలో ఏంట్రా? మోకాలికి గుచ్చుకుంటోంది.”

“మడ్గార్డండి.”

“ముందుదా, వెనకదా?”

“వెనకదండి.”

ఆయన సంచి మూతి విప్పి చూశారు. తర్వాత నిదానంగా, “మరి అది నా వెనక ఉండాలి కదరా, నా ఒళ్లో ఉందేంటి?” అన్నారు. జరిగింది చెప్పాను. చెబుతుంటే కోపం మళ్లీ మొదటికొచ్చి బండి వేగం పెంచాను. “కోపం ఇంటి దగ్గర పెట్టుకో, నన్ను మాత్రం గుడి దగ్గర దింపు” అన్నారాయన.

చెరుకుపల్లి దాటాక నాట్లు సాగుతున్నాయి. వానయితే లేదు, ఎండ ఫెళ్లున కాస్తోంది. కానీ దమ్ము చేసిన ట్రాక్టర్లు మడిలోంచి రోడ్డెక్కి, ఇనప చక్రాలకి పట్టిన రేగడి బురదని దారి పొడుగునా వదిలేసి పోతున్నాయి. తప్పించే వ్యవధి నాకు లేదు, దాని మీంచే పోనిచ్చాను. రెండు మైళ్లు వెళ్లాక అయ్యగారు, “వీపుకి ఏదో చల్లగా తగులుతోందిరా” అన్నారు.

“కాలవ గాలండి అయ్యగారూ” అన్నాను.

(దేవుడి తోడు, నేను నిజంగానే అలా అనుకున్నాను.)

గుడి చేరేసరికి పది దాటి పది నిమిషాలు. మాస్టారు గేటు దగ్గర గడియారం చూసుకుంటున్నాడు. అయ్యగారు దిగి, కుచ్చెళ్లు దులుపుకుని, పక్క తలుపులోంచి నేరుగా లోపలికి వెళ్లిపోయారు. నేను బండి స్టాండు వేసి, సంచి హ్యాండిలుకి తగిలించి, తల దువ్వుకుని వెళ్లేసరికి ఆయన బల్ల ముందు జనానికేసి తిరిగి నిలబడి ఉన్నారు. ముందు నుంచి చూస్తే చుక్క మరక లేదు. నన్నూ పిల్లనీ ఎదురుగా నిలబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పారు. నా గుండె కుదుటపడింది. తర్వాత, “ప్రార్థన చేద్దాం” అని, మా గుళ్లల్లో పద్ధతి ప్రకారం, జనానికి వీపు పెట్టి బల్ల వైపు తిరిగారు.

నడుము దగ్గర్నుంచి మెడ దాకా, అక్కణ్ణుంచి బట్టతల మీదికి, నల్లటి బురద చార. అరచెయ్యి వెడల్పున. అటూ ఇటూ చిందిన చుక్కలు వేరే. ముందుగా పిల్లలు కిసుక్కుమన్నారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా పక్కన నిలబడ్డ పిల్ల భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందని హడలిపోయి చూశాను. నవ్వు ఆపుకోలేక చస్తోంది. గుడి గంట కొట్టే అవ్వకి చెవుడు, అందుకని ఆవిడకి గొంతు తగ్గించడం రాదు. “అయ్యా, ఏ మళ్లో నాటేసొచ్చావయ్యా?” అని పెద్దగా అడిగింది. ఇక ఎవరూ ఆగలేదు.

మాస్టారు మాత్రం నవ్వలేదు. లేచి ముందుకొచ్చి, అయ్యగారి వీపు చూశాడు, తర్వాత నన్ను వెనక్కి తిప్పి నా వీపు చూశాడు. ముందు కూర్చున్నవాణ్ణి కదా, మల్లెపువ్వులా ఉంది. “తన వీపు శుభ్రంగా ఉంచుకున్నాడు. పెద్దాయన్ని మాత్రం ఇలా తెచ్చాడు. ఇదా మీరు పూచీ పడ్డ మనిషి?” అన్నాడు. గుడిలో నవ్వు ఆగిపోయింది. మా అమ్మ బెంచీ మీద కొంగు నలుపుకుంటోంది. వచ్చేవారం నుంచి ఊళ్లో తలెత్తుకోవడం ఎలాగని ఆమె అప్పటికే లెక్క వేసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

“మడ్గార్డు లేదండి” అన్నాను.

“ఏమైంది? ఎవరు తీశారు?”

తలుపు దగ్గర స్టైలు, వద్దు వద్దని కళ్లతో దణ్ణాలు పెడుతున్నాడు. కథల్లోవాడయితే నేరం నెత్తినేసుకునేవాడేమో. నేను అలాంటివాణ్ణి కాను. “మీ అబ్బాయండి. తాళాలిచ్చింది నేను, కోయించింది అతను” అన్నాను.

“అబద్ధం నాన్నా! బావే స్టైలుగా ఉండాలన్నాడు!”

అప్పుడు తెగింది నాకు. పొద్దుట్నుంచి మింగిందంతా పైకొచ్చింది. విసవిసా బయటికెళ్లి, సంచి తెచ్చి, ముక్క లాగి మాస్టారి చేతిలో పెట్టాను. ఆ గంజి చొక్కాకి కిరసనాయిలు అంటింది. “దీన్ని నేను కోయిస్తానా? చదవండి మాస్టారూ. గట్టిగా చదవండి!” అని గుడన్న జ్ఞానం కూడా లేకుండా అరిచాను.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. వంకర అక్షరాలు, రంపం పడ్డచోట ఒకటి సగమే మిగిలింది. మా అమ్మ పేరు చదివాడు. తర్వాత ‘కొడుకు బండి’ అని చదివాడు. బడిలో పాఠం చదివినట్టు, ఒక్కో ముక్క విడివిడిగా.

అమ్మ లేచి నిలబడింది. “నా పేరంటాడేంటి?”

“నీ పేరేనమ్మా.”

“ఎవరు రాశారు?”

“నేనే.”

ఆమె వచ్చి ఆ రేకు మీద వేలు పెట్టి, అక్షరాల వెంట ఒకసారి అటునుంచి ఇటు నడిపింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా కళ్లల్లోనూ తిరగబోతుండగా, “సచ్చినోడా, నా పేరు బురద కొట్టే చోట రాశావేంట్రా!” అని వీపు మీద ఒక్కటిచ్చింది.

గుడంతా మళ్లీ గొల్లుమంది. ఈసారి అయ్యగారు కూడా నవ్వారు, ఆయన నవ్వితే బట్టతల మీద ఎండిన బురద పెళ్లలుగా రాలింది. “అలా అనకమ్మా. ఆ పేరు అక్కడున్నన్నాళ్లూ ఎవరి మీదా చుక్క పడలేదు. ఇవాళ కోసేశారు, నా మీద పడింది” అన్నారు. మాస్టారు ఆ రేకు ఎక్కడ పెట్టాలో తెలీక కాసేపు పట్టుకునే నిలబడి, చివరికి బెంచీ మీద తన పక్కనే పెట్టుకున్నాడు. భుజాన ఉన్న ఉత్తరీయం తీశాడు. ఆయన ఒంటి మీద అది నలగడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. దాని మడత విప్పి అయ్యగారి వీపు మీద కప్పి, “ప్రార్థన మధ్యలో ఆగింది. కానివ్వండి” అన్నాడు. నా వైపు చూడలేదు. చూడకపోయినా నాకు చాలింది.

ఆ ముక్కని మరుసటి వారం అతికించాను. అతుకు మా అమ్మ పేరులో ఒక అక్షరం మీంచి పోయింది. బండి అమ్మేనాడు కూడా మడ్గార్డు ఊడదీసి ఉంచుకున్నాను. మొన్న మా చిన్నవాడు తన బండికి టెయిల్ టైడీ అని ఏదో సామాను తెప్పించాడు. ఉన్న మడ్గార్డు తీసి పారేసి దాన్ని బిగిస్తారట. అరిచాను. వాడికి వత్తాసుగా వాళ్ల మేనమామ, ఇప్పుడు తల మీద ఒక్క వెంట్రుక లేని స్టైలు, “బావా, ఇప్పుడు రంపంతో పన్లేదు, నాలుగు బోల్టులే” అన్నాడు. అతని మీద ఇంకా గట్టిగా అరిచాను. అరిచి, కొంతసేపయ్యాక వెళ్లి, వాడు బోల్టు బిగిస్తుంటే ప్లేటు వంకర పోకుండా నేనే పట్టుకున్నాను. ఎందుకంటే ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ శనివారం పొద్దున ఆరూ ఇరవైకి, కోపం రాకముందు, ఒక్క రెప్పపాటు సేపు ఆ కోసిన బండిని చూసి, ఎంత బాగుందో అనుకున్నాను. అలా అనుకున్న ఆ వెధవని తలుచుకుంటే ఇప్పుడు కోపం బదులు నవ్వొస్తోంది.

ఆ రోజు షెడ్డు దగ్గర ఉన్నది సోడాబుడ్డి మేస్త్రీ, స్టైలు, నేను. గుడిలో అయ్యగారు, మాస్టారు, మా అత్తగారు, గంట కొట్టే అవ్వ, ముందు బెంచీలో కిసుక్కుమన్న పిల్లలు, వెనక కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్న వాళ్లమ్మలు, తలుపు చాటున స్టైలు, నా పక్కన నవ్వు ఆపుకోలేక చస్తున్న మా ఆవిడ. ఇంకా మడ్గార్డు మీద పేరున్న మా అమ్మ, సువార్తమ్మ.