ఊరంతా కలిసి నడిపిన దావా

2017 వర్షాకాలంలో ఏలూరు కోర్టు దగ్గర్లోని నా లాయరు ఆఫీసుకు కొల్లేరు లంక నుంచి గంగరాజు, ఆయన భార్య సత్తెమ్మ వచ్చారు. చేపల చెరువుల ఆసామి ఒకరు గట్టు పోయించడంతో, వాళ్ల ఊరి దోనెలు సరస్సులోకి వెళ్లే కాలువ మూసుకుపోయింది. సొంతంగా చేపలు వేటాడుకునే కుటుంబాలన్నీ కలిదిండి వైపు చెరువుల్లో కూలికి పోతున్నాయి.

“గెలిస్తే మా మత్స్యకారుల సొసైటీ చెరువులో వాటా ఇస్తామండి,” అన్నాడు గంగరాజు.

గెలుపులో వాటాను కంటింజెన్సీ ఫీజు అంటారు. మన దేశంలో లాయర్లు అది తీసుకోకూడదు. లీగల్ ఎయిడ్‌లో అయితే ఉచితంగా లాయరును ఇస్తారని చెప్పాను.

“ఊరికే వద్దండి,” అంది సత్తెమ్మ. “ఊరికే చేయించుకుంటే, వాయిదా ఎందుకు పడిందని గట్టిగా అడగలేం కదండీ.”

దారి ఆమే చెప్పింది. ప్రతి వాయిదాకూ వంతులవారీగా ఒక్కో ఇల్లు ఒక రోజు కూలి ఇవ్వాలి. ఇచ్చినవాళ్లే కోర్టుకు రావాలి. స్థలం చూసి రిపోర్టు ఇచ్చే అడ్వకేట్ కమిషనర్ ఖర్చూ అలాగే సమకూరింది. కోర్టు వరండాలో ప్రతిసారీ కొత్త ముఖం కనిపించేది. “మా కేసు ఎందాకా వచ్చిందండీ?” అని అందరూ అడిగేవారు.

వంతు ఎవరిదైనా ఆ దంపతులు మాత్రం తప్పకుండా వచ్చేవారు.

“పొద్దున్నే దోనెలో ఇద్దరమే ఉండేవాళ్లం,” అంది సత్తెమ్మ ఒకసారి. “ఇప్పుడు ఈయనొక చెరువు, నేనొక చెరువు. ఇంటికొచ్చాక మాట్లాడే ఓపికే ఉండట్లేదండి.”

తీర్పు రాకముందే జ్వరంతో ఆమె పోయింది. గట్టు తీసేయమని డిక్రీ వచ్చింది. తవ్విన రోజు నేనూ వెళ్లాను. గంగరాజు నన్ను దోనెలో నడిమధ్య కూర్చోబెట్టి, ముందు భాగం ఖాళీగా ఉంచాడు. గుర్రపుడెక్కను గెడతో తోసుకుంటూ సరస్సులోకి వచ్చాక ఆగాడు.

“ఇక్కడికొచ్చాకే మా ఆవిడ మాట మొదలెట్టేదండి.”

ఆ తర్వాత చాలాసేపు గెడ వేయలేదు.

దావాలో నేను జీవనోపాధి నష్టమని రాశాను. సత్తెమ్మ వరండాలో చెప్పిన నష్టాన్ని మాత్రం రాయలేదు. దానికి ఏ సెక్షనూ లేదు. ఇప్పుడు దారి తగాదాతో ఎవరొచ్చినా, కాగితాలు తీయకముందే, ఆ దారిన ఎవరితో కలిసి వెళ్లేవారని అడుగుతాను.