మంగళవారం పొద్దున మా వాకిట్లో ముగ్గు

దెయ్యం కథలు చెప్పేవాళ్లను ముఖం మీదే ఎగతాళి చేసే రకం నేను. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే. చదివాక మీకు భయం వేయకపోవచ్చు. నా మీద అసహ్యం మాత్రం వేస్తుంది. నాకైతే వేసింది.

తమిళనాడులో, కోవిల్‌పట్టిలో ఒక కాంపౌండులో అద్దెకుంటున్నాం. నాలుగు వాటాలు, వరసగా నాలుగు తలుపులు. మా ఆయనకు తూత్తుకుడిలో షిఫ్టు ఉద్యోగం. నాకు విరుదునగర్‌లో ఒక పప్పుల మిల్లు ఆఫీసులో పని. పొద్దున ఆరున్నర బస్సు ఎక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి ఎనిమిది. ఆదివారం బట్టలు ఉతుక్కోవడం, నిద్ర. తల దువ్వుకోవడానికే తీరిక లేదు, ఇక ఇరుగుపొరుగు ఎక్కడ?

పక్క వాటాలో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. రెండేళ్లలో ఆమె పేరు కూడా అడగలేదు. నేను తాళం వేస్తుంటే తలుపు దగ్గర నిలబడి, పనికి పోతున్నావా అని అరవంలో అడిగేది. నేనూ అరవంలోనే ఊఁ అని పరిగెత్తేదాన్ని. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. గడప దాటితే మాత్రం అరవమే. తరాలుగా ఇక్కడే ఉంటున్న మా తెలుగువాళ్లందరికీ అదే అలవాటు.

రోజూ నేను తలుపు తీసేసరికి మా వాకిట్లో ముగ్గు ఉండేది. చుక్కల ముగ్గు, చుట్టూ ఎర్రమట్టి గీత. ఆమె వాకిట్లోనూ అదే ముగ్గు. ఇంటి ఓనరు పెట్టిన పనిమనిషి వేస్తోందనుకున్నాను. కనుక్కోలేదు. మనకు కావలసింది జరిగిపోతుంటే ఎవరు కనుక్కుంటారు?

ఒక వారం, మంగళవారం నాడు ముగ్గు మరీ ముచ్చటగా ఉంది. చల్లిన నీళ్ల తడి కూడా ఇంకా ఆరలేదు. ఫోన్‌లో ఫోటో తీసి, "పొద్దున్నే నా ముగ్గు" అని స్టేటస్ పెట్టాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదే. బస్సులో కూర్చుని వచ్చిన మెచ్చుకోళ్లన్నీ చదువుకున్నాను.

బుధవారం సాయంత్రానికి కాంపౌండంతా వాసన. ఎవరింట్లో ఎలుక చచ్చిందో చూసుకోండి, భరించలేకపోతున్నాం అని మా కాంపౌండు వాట్సాప్ గ్రూపులో రాసింది నేనే. ముగ్గురు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఆమె దగ్గర అలాంటి ఫోన్ లేదు కాబట్టి ఆమె ఆ గ్రూపులో లేదు. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అన్నం తిన్నాను.

గురువారం ఓనరు తలుపు పగలగొట్టించాడు. లోపలి గడియ వేసే ఉంది. ముసలామె స్నానాలగది దగ్గర జారి పడింది. పోయింది ఆదివారమే అని డాక్టరు చెప్పారు. వెంటనే పోయిందా, కొంతసేపు పిలిచిందా అని అడిగాను. చెప్పలేమన్నారు. ఆదివారమంతా నేను గోడకు ఇవతలే ఉన్నాను. వాషింగ్ మెషీన్ తిరుగుతోంది, టీవీ మోగుతోంది. శుక్రవారం గ్రూపులో ఒకాయన, ఆ వాటా మా చుట్టాలకిస్తారా అని అడిగాడు. ఛీ అనుకున్నాను. అయినా ఆయన్ను అనడానికి నేనెవర్ని?

ఎట్టయాపురం నుంచి ఆమె చెల్లెలి కొడుకు వచ్చాడు. నన్ను చూసి తెలుగులో మాట్లాడాడు. "పక్కింటి పాప మీరే గదా? గోడకవతల మన తెలుగే మాట్లాడతారని మా పెద్దమ్మకి శానా సంతోసం. పావం, ఆ పాపకి పొద్దే సిక్కదు, అందుకే వాళ్ల వాకిట్లో కూడా నేనే ముగ్గేస్తాండా అని సెప్పతా ఉన్నింది."

రెండేళ్లుగా ఆమె గోడకవతల నా తెలుగు వింటూనే ఉంది. మాట కలపడానికి నా తీరిక కోసం కాచుకుంది.

ఆ తర్వాత గుర్తొచ్చింది. సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం కూడా మా వాకిట్లో ముగ్గు ఉంది. పనిమనిషిని అడిగాను. ముగ్గులు తనెప్పుడూ వేయలేదని, పైగా ఆ వారమంతా కయత్తారులో కూతురింట్లో ఉన్నానని చెప్పింది. మిగతా రెండు వాటాల వాళ్లనూ అడిగాను. తమకు తెలియదన్నారు. శుక్రవారం నుంచి ముగ్గు లేదు.

మంగళవారం ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. తీసిన తేదీ, గంట అందులోనే ఉన్నాయి. ఒకరోజు దాన్ని పెద్దది చేసి చూశాను. ఒక అంచున పక్క వాటా గడప కూడా పడింది. అక్కడ నీళ్లు చల్లలేదు. ఒక్క చుక్క ముగ్గు లేదు.

చావు జరిగిన ఇంటి వాకిట్లో ముగ్గు వేయరు. మా ఇళ్లలో ఐదేళ్ల పిల్లకు కూడా ఇది తెలుసు. నాలుగు పొద్దులు నేను ఆ బోసి వాకిలి దాటుకుంటూనే బస్సుకు పరిగెత్తాను.

మా వాకిట్లో ఆ ముగ్గు ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె వాకిట్లో ఎందుకు వేయలేదో మాత్రం సోమవారమే తెలిసి ఉండాల్సింది.